కెమికల్ ఇంజనీరింగ్ సెమినార్లు, పరిశోధన ప్రసంగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కెమికల్ ఇంజనీరింగ్ చదువుతున్నవారికి, పరిశోధన చేస్తున్నవారికి, అప్పుడప్పుడు వారి గైడ్లకు కూడా పనికొస్తాయని రాసిన జవాబులివి. సెమినార్ల నిర్వహణ చూసే మనిషిగా నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. వాటిని నిబంధనలని పొరబడకండి. ఏది నిబంధనో, ఏది నా పట్టుదలో చదువుతుంటే తెలిసిపోతుంది.

సెమినార్, ప్రగతి నివేదిక, వైవా... ఇవన్నీ ఒకటే కదా?

కాదు. వినేవారు వేరు, తేలవలసిన విషయం వేరు. వారపు సెమినార్‌లో ఎవరైనా మాట్లాడవచ్చు. ఎంటెక్ విద్యార్థి ప్రాజెక్టు సగంలో ఉండగానే చెప్పవచ్చు, పక్క విభాగం అధ్యాపకుడు రావచ్చు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేసే ఇంజనీరు రావచ్చు. అక్కడ మార్కులు లేవు. పరిశోధన సలహా సంఘం ముందు చేసేది, పని దారిలో ఉందా లేదా అని చూడడానికి. థీసిస్ సమర్పణకు ముందు చేసేది, ఇక సమర్పించవచ్చా అని తేల్చడానికి. వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, రాసినదాన్ని నిలబెట్టుకోవాలి.

చాలామంది ఒకే స్లైడ్ల కట్టను అన్నింటికీ వాడతారు. సలహా సంఘం సభ్యులకు మీ అంశం ముందే తెలుసు. వారి ముందు ఫ్లోరైడ్ అంటే ఏమిటన్న దగ్గర మొదలుపెడితే గడియారం చూస్తారు. అదే సంగతి వారపు సెమినార్‌లో మూడో సంవత్సరం బీటెక్ పిల్లలకు చెప్పకపోతే తక్కినదంతా వారికి అర్థం కాకుండానే గడిచిపోతుంది.

పీహెచ్‌డీలో తప్పనిసరి ప్రెజెంటేషన్లు ఎన్ని?

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం స్కాలర్ ప్రతి సెమిస్టర్‌లో సలహా సంఘం ముందు తన పని ప్రగతిని వివరించాలి, సంక్షిప్త నివేదిక ఇవ్వాలి. థీసిస్ సమర్పించే ముందు మరొక ప్రెజెంటేషన్ ఉంటుంది. దానికి విభాగంలోని అధ్యాపకులు, తోటి స్కాలర్లు, విద్యార్థులు అందరూ రావచ్చు. చివరిది వైవా, అదీ బహిరంగమే. తలుపులు మూసి, గైడూ పరీక్షకుడూ స్కాలరూ మాత్రమే కూర్చుని టీ తాగి ముగించే వైవా ఆ నిబంధనల స్ఫూర్తికి విరుద్ధం.

నెల్లూరు జిల్లా ఇంజనీరింగ్ కళాశాలలు చాలావరకు అనంతపురం జేఎన్‌టీయూ కింద, ప్రకాశం జిల్లావి చాలావరకు కాకినాడ జేఎన్‌టీయూ కింద నడుస్తున్నాయి. యూజీసీ చెప్పినదానిపై ప్రతి విశ్వవిద్యాలయమూ తన షరతులు చేర్చుకోవచ్చు. కాబట్టి ఒంగోలులోని స్నేహితుడికి వర్తించింది నెల్లూరులో మీకూ వర్తిస్తుందని అనుకోకుండా మీ రిజిస్ట్రేషన్ ఎక్కడుందో అక్కడి నియమావళి చదవండి.

సదస్సులో పేపరు సమర్పించకపోతే థీసిస్ తీసుకోరా?

2016 నాటి యూజీసీ నిబంధనల్లో ఒక పత్రికా వ్యాసం, రెండు సదస్సు ప్రసంగాలు తప్పనిసరి. 2022 నిబంధనల్లో ఆ షరతు లేదు. అయినా విశ్వవిద్యాలయం సొంతంగా అడగవచ్చు.

షరతు లేకపోయినా వెళ్లమనే చెబుతాను. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ ఇంజనీర్స్ 1947లో ఏర్పడింది, ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో ఉంది. ఏటా డిసెంబరు చివర్లో అది నిర్వహించే సదస్సు కెమ్‌కాన్‌లో ఒక్కో పేపరుకు దొరికే సమయం తక్కువే. కానీ మీ అంశంపైనే మరో ఊరిలో పనిచేస్తున్నవారు ఎదురవుతారు. మీ స్వేదన కాలమ్ ఎందుకు పొంగుతోందో మీ విభాగంలో ఎవరూ చెప్పలేకపోయినా అక్కడ కాఫీ క్యూలో ఎవరో ఒకరు చెప్పేస్తారు. ఇక ఫీజు కట్టగానే, సారాంశం కూడా చదవకుండా ఆమోదించామని మెయిల్ పంపే 'అంతర్జాతీయ' సదస్సులున్నాయి. వాటికి పెట్టే డబ్బుతో ఒక మంచి పీహెచ్ మీటరు ఎలక్ట్రోడ్ కొనుక్కోవచ్చు.

బీటెక్ విద్యార్థులు వినడానికి రావచ్చా?

రావాలి. వెనుక వరసలో కాకుండా మధ్యలో కూర్చోండి.

రెండేళ్ల పనిని 20 నిమిషాల్లో ఎలా చెప్పాలి?

చెప్పలేరు. అందులో ఒక్క సంగతిని మాత్రం చెప్పగలరు. ఆ ఒక్కటి ఏదో తేల్చుకోలేకపోతే మీరింకా ప్రసంగానికి సిద్ధం కాలేదన్నమాట.

సంగతి తేలాక నేను ప్రతి స్కాలర్‌నూ చేయమనే పని ఒకటుంది. స్లైడ్లలోని ప్రతి అంకె పక్కన పెన్సిలుతో 'కొలిచాను', 'లెక్కకట్టాను', 'ఊహించాను' అనే మూడింటిలో ఒకటి రాయమంటాను. మన విభాగాల్లో ప్రసంగాలు దెబ్బతినేది ఇంగ్లిషు వల్లనో సభాపిరికితనం వల్లనో కాదు, ఈ మూడింటినీ ఒకే గొంతుతో చెప్పడం వల్ల.

కనిగిరి ప్రాంతపు బోరు నీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించే పనినే తీసుకుందాం. ఇక్కడి విద్యార్థుల్లో చాలామంది ఎంచుకునే అంశమది, ఎంచుకోవలసినదే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి. మీరు వరి ఊక బూడిదతోనో యాక్టివేటెడ్ అల్యూమినాతోనో ప్రయోగం చేశారు. శుద్ధి తరువాత నీటిలో మిగిలిన ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచినది. గ్రాము అధిశోషకం (ఫ్లోరైడ్‌ను తన ఉపరితలం మీద పట్టుకునే పదార్థం) ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పట్టుకుందన్నది ఆ కొలత నుంచి లెక్కకట్టినది. 'గరిష్ఠ సామర్థ్యం' అనేది 1918లో లాంగ్‌మ్యూర్ ఇచ్చిన సమీకరణానికి మీ బిందువులను అమర్చగా వచ్చిన విలువ. ఆ సామర్థ్యం వరకు మీ ప్రయోగం చేరి ఉండకపోవచ్చు. 'గ్రామంలో కుటుంబానికి ఇన్ని నెలలు సరిపోతుంది' అన్నది పూర్తిగా ఊహ. ఈ నాలుగూ ఒకే స్లైడులో ఒకే సైజు అక్షరాల్లో కనిపిస్తే వినేవారు నాలుగింటినీ నమ్ముతారు, లేదా నాలుగింటినీ అనుమానిస్తారు. రెండూ మీకు మంచివి కావు.

ఎన్ని స్లైడ్లు ఉండాలి?

నిమిషానికి ఒకటి దాటకూడదు. 'ధన్యవాదాలు' అనే పెద్ద అక్షరాల స్లైడు అక్కర్లేదు. ప్రశ్నలు నడుస్తున్నంతసేపు తెరపై మీ ముఖ్యమైన గ్రాఫ్ ఉంటే అందరికీ మేలు. గ్రాఫ్ అక్షాలపై ప్రమాణాలు వెనుక బెంచీకి కనిపించాలి. గ్రాఫ్‌లో పసుపు రంగు గీతలు వద్దు. మన హాళ్లలో కిటికీలకు తెరలు సగమే ఉంటాయి, నెల్లూరు ఎండకు పసుపు గీత తెరపై కనిపించదు.

నా గ్రాఫ్‌లో ఆర్ స్క్వేర్ 0.999 వచ్చింది. అది చాలదా?

బిందువులు గీతకు ఎంత దగ్గరగా అమరాయో చెప్పే అంకె ఆర్ స్క్వేర్, 1కి దగ్గరైతే బాగా అమరినట్టు. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఉత్సాహం, నీరసం రెండూ కలుగుతాయి. వివరంగానే చెబుతాను.

అధిశోషణ వేగాన్ని చూపేటప్పుడు మనవారు ఎక్కువగా వాడేది సూడో సెకండ్ ఆర్డర్ అనే గణిత నమూనా. దాన్ని సరళరేఖగా మార్చి, నిలువు అక్షం మీద కాలాన్ని అప్పటివరకు పట్టుకున్న పరిమాణంతో భాగించిన విలువను, అడ్డ అక్షం మీద కాలాన్ని పెడతారు. కాలం రెండు అక్షాల మీదా ఉందని గమనించండి. ప్రయోగం సమతాస్థితికి చేరాక పట్టుకున్న పరిమాణం దాదాపు మారదు. అప్పుడు నిలువు అక్షం మీద ఉన్నది కాలాన్ని ఒక స్థిరాంకంతో భాగించినదే. దాన్ని కాలానికి ఎదురుగా గీస్తే సరళరేఖ రాక ఏం వస్తుంది? ఆఖరి మూడు గంటల్లో ప్రతి పావుగంటకూ నమూనా తీసినవారికి 0.999 రావడంలో వింత లేదు. చర్య ఎలా నడిచిందో తెలిపే సమాచారం మొదటి కొన్ని నిమిషాల్లో ఉంటుంది, అక్కడ వారికి ఉన్నవి రెండే బిందువులు.

అందువల్ల మూడు పనులు చేయండి. మొదటి నిమిషాల్లో ఎక్కువ నమూనాలు తీయండి. సమీకరణాన్ని సరళరేఖగా మార్చకుండా అసలు రూపంలోనే నాన్‌లీనియర్ పద్ధతిలో అమర్చండి. ఈ రోజుల్లో స్ప్రెడ్‌షీట్‌లోని సాల్వర్‌తోనే అది అయిపోతుంది. ప్రతి ప్రయోగాన్ని కనీసం మూడుసార్లు చేసి కొలతల్లో తేడా ఎంతో తెలిపే ఎర్రర్ బార్లు చూపండి. రెండు గణిత నమూనాల ఆర్ స్క్వేర్లు 0.991, 0.994 వచ్చాయని, రెండోది పెద్దది కాబట్టి 'రసాయన అధిశోషణం జరిగింది' అని తీర్మానించడం కుదరదు. గ్రాఫ్ బాగా అమరినంత మాత్రాన చర్య జరిగిన తీరు రుజువు కాదు. ఆ మాట అనాలంటే స్పెక్ట్రమ్ చూపండి, ఉష్ణోగ్రత మార్చి చూపండి.

ఎలాంటి ప్రశ్నలు ఎదురవుతాయి?

మన ప్రాంతపు అంశాల మీద పనిచేసేవారికి కొన్ని ప్రశ్నలు తప్పవు. అవి వస్తాయని తెలిసి కూడా సిద్ధం కాకపోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

మొదటిది: ఆ నీరు ల్యాబులో తయారు చేసినదా, బోరు నుంచి తెచ్చినదా? డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి చేసిన ప్రయోగానికి అసలు బోరు నీటితో పోలిక తక్కువ. బోరు నీటిలో బైకార్బొనేట్లు ఉంటాయి. అవి పీహెచ్‌ను పైకి పట్టి ఉంచుతాయి, అధిశోషకం మీద చోటు కోసం పోటీ కూడా పడతాయి. యాక్టివేటెడ్ అల్యూమినా బాగా పనిచేసేది పీహెచ్ 5, 6 మధ్య. బోరు నీరు సాధారణంగా 7 పైనే ఉంటుంది. మరి ఆమ్లం కలుపుతారా? పల్లెలో ఎవరు కలుపుతారు?

రెండోది: వాడేసిన అధిశోషకాన్ని ఏం చేస్తారు? ఆర్‌ఓ ప్లాంటు మీద పనిచేసేవారికైతే ఇదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. ఉప్పూ ఫ్లోరైడూ చిక్కబడ్డ రిజెక్ట్ నీరు ఏ కాలువలోకి పోతోంది?

మూడోది ఖర్చు. 'వ్యర్థం నుంచి చేశాం కాబట్టి ఖర్చు తక్కువ' అనకండి. నెల్లూరు మిల్లుల ఊక వ్యర్థమేమీ కాదు, బాయిలర్లకు ఇంధనంగా పోతుంది, దానికి ధర ఉంది. రొయ్యల పెంకుల నుంచి కైటోసాన్ తీయాలంటే ముందు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఖనిజాలు పోగొట్టాలి, క్షారంతో ప్రోటీన్లు తీయాలి, ఆ తరువాత 40 నుంచి 50 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో వేడి చేయాలి. పెంకు ఉచితంగా వచ్చినా క్షారం ఉచితం కాదు, కడిగిన నీటిని శుద్ధి చేయడమూ ఉచితం కాదు. చీమకుర్తి గ్రానైట్ పొడి మీద పనిచేసేవారైతే అక్కడి నుంచి ల్యాబుకు లారీ కిరాయి కూడా లెక్కలో పెట్టుకోవాలి.

జవాబు తెలియని ప్రశ్న వస్తే?

'అది చూడలేదండీ' అని చెప్పి, చూడాలంటే ఏ ప్రయోగం చేయాలో ఒక వాక్యంలో చెప్పండి. ఎదుటివారు పెద్దవారైనా, గైడుకు గురువుగారైనా ఇదే మర్యాద. గైడు మధ్యలో లేచి స్కాలర్ బదులు జవాబు చెప్పడం మాత్రం చూడలేని దృశ్యం. గైడ్లు దయచేసి మొదటి వరసలో కూర్చోకండి.

నాది సిమ్యులేషన్ మాత్రమే. కొలిచినవేమీ లేవు. మరి?

వేరొకరు కొలిచినవి ఉంటాయి కదా, వాటితో పోల్చి చూపండి. సాఫ్ట్‌వేర్‌లో ఏ థర్మోడైనమిక్ నమూనా ఎంచుకున్నారో రెండో స్లైడులోనే చెప్పండి. ఇథనాల్, నీరు మిశ్రమాన్ని వాతావరణ పీడనం వద్ద మామూలు స్వేదనంతో బరువులో సుమారు 95.6 శాతం దాటించలేమని రెండో సంవత్సరంలోనే చదువుకున్నాం, ఆవిరీ ద్రవమూ ఒకే కూర్పులో ఉండే అజియోట్రోప్ అడ్డు వస్తుంది. ఆదర్శ ద్రావణమనుకుని రౌల్ట్ నియమంతో లెక్క నడిపితే కంప్యూటర్‌కు ఆ అడ్డు కనిపించదు. 99.9 శాతం ఇథనాల్‌ను తేలిగ్గా తీసి చూపిస్తుంది, రంగుల బొమ్మ కూడా వేస్తుంది. ద్రవ ప్రవాహపు లెక్కలైతే మెష్‌ను (లెక్క కోసం స్థలాన్ని విడగొట్టిన గళ్లను) ఇంకా చిన్నది చేసినప్పుడు జవాబు మారిందా లేదా అన్నది చూపకుండా ఆ రంగుల బొమ్మలు చూపవద్దు.

తెలుగులో ప్రసంగించవచ్చా?

వారపు సెమినార్‌లో నిక్షేపంగా. స్లైడ్లు ఇంగ్లిషులో ఉంటే చాలు, మాట తెలుగులో సాగవచ్చు. చెన్నై నుంచో మరో రాష్ట్రం నుంచో తెలుగు రాని అతిథి ఉంటే ఇంగ్లిషులో చెప్పండి. సలహా సంఘం, వైవా విషయంలో విశ్వవిద్యాలయ నియమమే పాటించాలి. పొదిలి, ఉదయగిరి వైపు నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లిషు స్లైడును అక్షరం పొల్లుపోకుండా చదివేసి కూర్చుంటారు. అదే బిడ్డను తెలుగులో అడిగితే తన రియాక్టర్ గురించి అరగంట చెప్పగలదు. ప్రశ్నల సమయంలోనైనా ఆ వీలు ఇవ్వాలని నా వాదన.

పేటెంట్ ఆలోచన ఉంది. సెమినార్‌లో చెబితే నష్టమా?

నష్టం కావచ్చు. పదిమంది ముందు బహిరంగంగా చెప్పినది కొత్తదనం కోల్పోయే ప్రమాదముంది. భారత పేటెంట్ చట్టం 31వ సెక్షన్‌లో విద్వత్సభ ముందు చదివిన వ్యాసం వంటి కొన్ని సందర్భాలకు 12 నెలల వెసులుబాటు ఉంది. దాని పరిధి ఇరుకైనది, మీ వారపు సెమినార్ అందులోకి వస్తుందని పందెం కాయడం తెలివి కాదు. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి, పూర్తి వివరాలు ఇవ్వడానికి అక్కడి నుంచి 12 నెలలు ఉంటాయి. ఆ తరువాత నిశ్చింతగా మాట్లాడండి.

పరిశ్రమ నుంచి వచ్చినవారు అంకెలు చెప్పకుండా దాటవేస్తారెందుకు?

వారి ఉద్యోగ ఒప్పందం అలాంటిది. కృష్ణపట్నం వైపు వంటనూనె శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే ఇంజనీరైనా, విద్యుత్ కేంద్రం నుంచి వచ్చేవారైనా ఉత్పత్తి అంకెలు బయటపెట్టలేరు. శ్రీహరికోటలో రాకెట్ల ఘన ఇంధనాల మీద పనిచేసేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. అమ్మోనియం పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, హెచ్‌టీపీబీ (వాటిని పట్టి ఉంచే రబ్బరు లాంటి పాలిమర్) అనే మూడు పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి, అంతకు మించి గుచ్చి అడగవద్దు. వారినుంచి రాబట్టవలసినది వేరే ఉంది: ఏది ఎలా చెడిపోయింది, ఎలా కనిపెట్టారు, చిన్న పాత్రలో బాగా కలిసిన మిశ్రమం పెద్ద పాత్రలో ఎందుకు కలవలేదు. వీటికి సంతోషంగా జవాబు చెబుతారు.

రైతులు, బయటివారు రావచ్చా?

తప్పకుండా. చెరువు నీటి గురించి ప్రసంగం ఉన్నప్పుడు ముత్తుకూరు, కావలి, అల్లూరు వైపు రొయ్యల రైతులకు కబురు చేయడం మంచి అలవాటు. వారి ప్రశ్నలు సూటిగా ఉంటాయి. 'కిట్‌లో అమ్మోనియా నిన్నా ఇవాళా ఒకటే చూపించింది సార్, రొయ్య ఇవాళే ఎందుకు తేలింది?' అని అడిగితే మన స్కాలర్ తడబడకూడదు.

జవాబు మళ్లీ కొలత, లెక్క దగ్గరికే వస్తుంది. కిట్ చూపేది మొత్తం అమ్మోనియా. రొయ్యను చంపేది అందులో అయాన్‌గా మారని భాగం. ఆ భాగం ఎంతో పీహెచ్, ఉష్ణోగ్రతల నుంచి లెక్కకట్టాలి. 25 డిగ్రీల మంచినీటిలో పీహెచ్ 8 ఉంటే అది సుమారు 5 శాతం, 9 అయితే మూడో వంతు దాటుతుంది. ఉప్పునీటిలో కొంచెం తగ్గుతుంది, వేడి పెరిగితే పెరుగుతుంది. ఎండ కాసిన మధ్యాహ్నం నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుని పీహెచ్‌ను పెంచుతుంది. ఉదయం కిట్ చూసి నిశ్చింతగా ఉన్న రైతుకు సాయంత్రానికి నష్టం వచ్చేది అందువల్లనే. ఇది తెలుగులో, బోర్డు మీద, స్లైడు లేకుండా చెప్పగలిగిన స్కాలర్‌కు వైవా అంటే భయం ఉండదు.

బయటి అతిథిని ఎప్పుడు పిలవాలి?

అక్టోబరు చివరి నుంచి డిసెంబరు మొదటి వారం దాకా వద్దు. మనకు ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువ, అల్పపీడనం వచ్చిందంటే రైళ్లూ సెలవులూ ఎటు పోతాయో తెలియదు. మే నెల సంగతి అందరికీ తెలిసిందే. జనవరి చివరి నుంచి మార్చి వరకు హాయి. నెల్లూరు, ఒంగోలు రెండూ చెన్నై, విజయవాడల మధ్య ప్రధాన రైలు మార్గంలోనే ఉన్నాయి కాబట్టి ఆ రెండు నగరాల నుంచి వచ్చేవారు ఒక్కరోజులో వచ్చి వెళ్లవచ్చు.

ప్రసంగం భోజనానికి ముందే పెట్టండి. చేపల పులుసుతో భోజనం పెట్టి రెండు గంటలకు ఫ్లూయిడైజేషన్ గురించి చెప్పమంటే అతిథికీ అన్యాయం, వినేవారికీ అన్యాయం. దీపారాధన, ప్రార్థనాగీతం, విభాగాధిపతి పలుకులు, ప్రిన్సిపాల్ పలుకులు, అతిథి జీవితచరిత్ర, శాలువా, పూలగుచ్ఛం, జ్ఞాపిక, ఫొటో... గంట సెమినార్‌లో ఇవన్నీ పోగా మిగిలే సమయం లెక్కపెట్టి చూడండి. పరిచయం రెండు నిమిషాలు, శాలువా ప్రసంగం తరువాత. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

నమూనాలు తెచ్చి చూపవచ్చా?

పొడులు, గుళికలు, మెంబ్రేన్ ముక్కలు మూత బిగించిన సీసాల్లో తేవచ్చు. ఆమ్లాలు, ద్రావణులు హాలులోకి రాకూడదు. కడగని రొయ్యల పెంకులు అసలే వద్దు, ఆ హాలులోనే మధ్యాహ్నం మరో తరగతి ఉంటుంది.

వేరేవారి బొమ్మలు స్లైడులో వాడవచ్చా?

బొమ్మ కిందనే రచయిత పేరు, సంవత్సరం వేసి వాడండి. చివరి స్లైడులో చీమల్లాంటి అక్షరాల్లో వేస్తే వేసినట్టు కాదు. మీ గైడు పాత విద్యార్థి తీసిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రానికీ ఇదే వర్తిస్తుంది.

సెమినార్ విన్నందుకు సర్టిఫికెట్ ఇస్తారా?

ఇవ్వరు. స్కాలర్లు హాజరు పుస్తకంలో సంతకం పెట్టాలి, బీటెక్ వారికి అదీ అక్కర్లేదు. ప్రసంగించినవారు కోరితే విభాగం లెటర్‌హెడ్ మీద తేదీ, శీర్షికతో ఒక ఉత్తరం ఇస్తారు. శీర్షిక అక్షరదోషాలు లేకుండా ముందురోజే రాసి ఆఫీసులో ఇవ్వండి.